బల్లెం పట్టిన మణికట్టు

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "ఏ తీగ వాడాలి సార్?" బల్లేనికి ఏ తీగ, కత్తికి ఏ రేకు, విల్లుకు ఏ దారం అని కాగితం, పెన్ను పట్టుకుని మరీ కూర్చుంటారు. చెబుతాను. కానీ తీగల గురించి సరిగ్గా చెప్పాలంటే సుగుణ గురించి చెప్పాలి. సుగుణ గురించి చెప్పాలంటే నా ఓర్వలేనితనం గురించి చెప్పాలి. ఇన్నాళ్లూ ఫోన్లో అడిగినవాళ్లకు తీగల సంగతి మాత్రం చెప్పి, మిగతాది మింగేశాను. ఇప్పుడు పని మానేసి ప్రగతి నగర్‌లో ఇంటి పట్టున ఉంటున్నాను. ఇక మింగాల్సిన అవసరం లేదు.

నేను ఎప్పుడు చేరాను, జీతం ఎప్పుడు పెరిగింది లాంటివి రాయను. అవి చదివితే ఎవరికీ పని రాదు.

పని ఏమిటంటే

మాది కంసాలి ఇల్లు. శంకర్‌పల్లి దగ్గర మా నాన్న కమ్మలు, ముక్కుపుడకలు చేసేవాడు. నేనూ అదే నేర్చుకున్నాను. యంత్రం మీద చేసిన నగలు వచ్చాక చేతిపని అడిగేవాళ్లు తగ్గిపోయారు. అప్పుడు మాదాపూర్‌లో, కట్టబోయే టవర్లకు ముందుగా నమూనా బొమ్మలు చేసే వర్క్‌షాపులో చేరాను. అగ్గిపెట్టెంత ఫ్లాట్లకు బాల్కనీ రెయిలింగులు చేసేవాణ్ని. కొన్నేళ్లకు అవి కూడా ప్రింటర్లోంచి దిగడం మొదలైంది. ఇంటికి వెళ్లిపోదామనుకుంటుండగా రవిశంకర్ గారు కబురు పంపారు.

ఆయన గోదావరి వైపు మనిషి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి కొండాపూర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తులో చిన్న వర్క్‌షాపు పెట్టారు. వచ్చే కస్టమర్లంతా ఐటీ ఆఫీసుల వాళ్లు. వాళ్లకు ఒక ఆట ఉంది. బొటనవేలి పైకణుపంత ఎత్తుండే సైనికుల బొమ్మలను పెద్ద బల్ల మీద బారులు తీరుస్తారు. పాచికలు వేస్తూ, టేపుతో దూరాలు కొలుస్తూ యుద్ధం చేస్తారు. ఆదివారం టిఫిన్ తిని కూర్చుంటే సాయంత్రం టీ దాకా లేవరు. ఆ బొమ్మల్లో మొట్టమొదట విరిగేది ఆయుధం. విరిగిన బల్లేన్నో కత్తినో తీసేసి, దాని స్థానంలో కొత్తది పెట్టి పంపడం మా పని.

"గిదీ ఒక పనేనా?" అని మా ఆవిడ మొదటి నెలంతా నవ్వింది. నాకైతే ముక్కుపుడకకు మర బిగించడం కంటే ఇది కష్టమనిపించింది. ముక్కుపుడక మీద ఎవరూ యుద్ధం చేయరు.

నేను కరిగించిన సైనికుడు

చేరిన రెండో వారం ఒక కస్టమరు కత్తి విరిగిన బొమ్మ తెచ్చాడు. లోహపు బొమ్మే. ఇందులో ఏముంది, ఇత్తడి కత్తి ఒకటి చేసి అతుకు పెడితే సరిపోతుందనుకున్నాను. చిన్నప్పటి నుంచి చేస్తున్నదే. బొమ్మను ఇటుక మీద పడుకోబెట్టి, చేతి దగ్గర అతుకు ముక్క, అంటే కరిగి రెంటినీ పట్టే టంకం, పెట్టి, గ్యాస్ టార్చి వెలిగించాను.

అతుకు ఇంకా వేడెక్కనే లేదు. సైనికుడి భుజం జారింది. తర్వాత తల, శిరస్త్రాణంతో సహా. కన్ను మూసి తెరిచేలోపు ఇటుక మీద తళతళలాడే ఒక చుక్క మిగిలింది. అతుకు ముక్క మాత్రం చెక్కుచెదరకుండా ఆ చుక్కలో నిలబడి ఉంది. ఆ బొమ్మలు పోసే తెల్లలోహం చాలా తక్కువ వేడికే కరుగుతుందని నాకు తెలియదు. అడగాలని కూడా తోచలేదు.

పక్కగదిలోంచి రవిశంకర్ గారు వచ్చారు. "ఏంటండీ చారి గారూ, ఏదో వాసన వస్తోంది?"

"మన సైనికుడే సార్," అన్నాను.

ఆయన కోప్పడలేదు. ఆ చుక్క వైపు కాసేపు చూసి, "ముందు బొమ్మ దేంతో చేశారో చూడండి. తర్వాతే మీ పనితనం," అన్నారు. కస్టమరుకు ఆయనే ఫోన్ చేసి, ఆయనే మాటలు పడ్డారు. ఆయనకు సుత్తి పట్టడం కూడా రాదు. కానీ పని చేసేవాడి కంటే ముందు ఎక్కడ తప్పు జరిగిందో ఆయనకు కనిపించేది. అలాంటి యజమాని దొరికితే వదులుకోకండి.

ఆ మాట నేను తలకెక్కించుకున్నాననే అనుకున్నాను. సగమే ఎక్కిందని ఆరేళ్ల తర్వాత తెలిసింది.

మీరు అడిగే సంగతి

బల్లేలకు ఇత్తడి తీగ మంచిది. వంగుతుంది, వేలితో సరిచేస్తే మళ్లీ నిలబడుతుంది. చివరను సుత్తితో కొట్టి చదును చేసి, ఆకురాయితో మొన దిద్దండి. మొన విడిగా చేసి అతికిస్తే అదే ముందు రాలిపోతుంది. వేళ్ల జిడ్డు అంటితే రంగు పట్టదు కాబట్టి సబ్బునీళ్లతో కడిగాక చేత్తో ముట్టుకోకండి.

కస్టమర్లు చాలామంది గిటార్ తీగ పెట్టమంటారు. అది ఉక్కు. విరగదు కాబట్టి వాళ్లకు ఇష్టం. విరగని మాట నిజమే, కానీ మనిషిని గుచ్చుతుంది. ఒకసారి రవిశంకర్ గారి అరచేతిలో దిగితే ఆయన దవాఖానకు వెళ్లి సూది వేయించుకుని వచ్చారు. పైగా వానాకాలంలో రంగు కింద తుప్పు పడుతుంది.

ప్లాస్టిక్ బొమ్మకు ప్లాస్టిక్ ఆయుధమే పెట్టండి. లోహం పెడితే బరువుకు బొమ్మ ముందుకు తూలుతుంది. గొడ్డలికి, వెడల్పు కత్తికి కొత్త సిమ్ కార్డు విరిచి తీశాక మిగిలే చట్రం భేషుగ్గా పనికొస్తుంది. మందం సరిగ్గా ఉంటుంది, చాకుతో తెగుతుంది, ఊరికే దొరుకుతుంది. వింటి తాడుకు సన్నని నైలాన్ దారం వాడండి. తల వెంట్రుక చూడ్డానికి బాగుంటుంది గానీ వాన పడిన రోజు వదులైపోతుంది. బాణాలకు గుండుసూదులు కత్తిరించేటప్పుడు ముక్క ఎగిరి కంటి మీదికి వస్తుంది, కళ్లద్దాలు లేకుండా ఆ పని పెట్టుకోకండి.

ఈ తెలివితోనే ఆరేళ్లపాటు ఆ వర్క్‌షాపులో ఏ బొమ్మకు ఏ సరుకు అనేది నేనే చెప్పాను. నా మాట మీద మాట ఉండేది కాదు. ఇత్తడి తీగ కూడా నేను బయట కొనేవాణ్ని కాదు. తీగ సన్నబరచడానికి నాన్న వాడిన చిల్లుల పలకలోంచి నేనే లాగి, ఎర్రగా కాల్చి మెత్తబరిచి, నా సొరుగులో పెట్టి తాళం వేసుకునేవాణ్ని. వర్క్‌షాపు తీగ వర్క్‌షాపుది, నా తీగ నాది. పనిమంతుడి లక్షణం అదేనని అనుకునేవాణ్ని.

చీపురు పుల్ల

మాధవి గారు మా పాత కస్టమరు. గచ్చిబౌలిలో ఆఫీసు, కోకాపేటలో ఫ్లాటు. ఆఫీసులో తన బల్ల మీద ఆరుగురు బల్లెం సైనికులను వరసగా నిలబెట్టుకునేది. ఒక రోజు అందులో ఒక బొమ్మను తెచ్చి నా ముందు పెట్టింది.

"చారి గారూ, ఈ బల్లెం మీరు పెట్టిందేనా?"

చేతిలోకి తీసుకుని చూశాను. బల్లెం నిటారుగా ఉంది, గాలంత తేలిగ్గా ఉంది. కంటికి భూతద్దం తగిలించుకున్నాను. అది కొండ చీపురు పుల్ల. చివర బ్లేడుతో చెక్కి, మొనకు వెండి రంగు నెయిల్ పాలిష్ వేశారు.

"నేను పెట్టలే మేడం. ఎవరు చేసిన్రు?"

"మా ఫ్లోర్‌లో హౌస్‌కీపింగ్ చేసే సుగుణ. డెస్క్ తుడుస్తుంటే విరిగిందట. ఉద్యోగం పోతుందని భయపడి తనే పెట్టేసింది. మూడు వారాలు నేను కనిపెట్టలేదండీ. మిగతా ఐదూ కొంచెం కొంచెం వంకరగా ఉన్నాయి, ఇదొక్కటే స్ట్రెయిట్‌గా ఉంది. అప్పుడు డౌట్ వచ్చింది."

ఆ మిగతా ఐదూ నేను చేసినవి.

రవిశంకర్ గారు వెంటనే ఆమెను తీసుకురమ్మన్నారు. తన వారపు సెలవు రోజున సుగుణ వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయి. నారాయణపేట వైపు ఊరు. భర్త ఒక టవర్ దగ్గర సెక్యూరిటీ. మెట్లు ఎక్కి వచ్చి, తిడతారేమోనని గోడ పక్కనే నిలబడింది. రవిశంకర్ గారు కూర్చోబెట్టి, బల్లెం పోయిన ఒక లోహపు బొమ్మను, పక్కన నా దగ్గరున్న తీగలన్నిటినీ పరిచి, "ఏది పెడతావమ్మా?" అని అడిగారు.

ఆమె తీగల వైపు చూడనే లేదు. బొమ్మను తీసుకుని, దాని మణికట్టును చిటికెన వేలితో మెల్లగా నొక్కి చూసింది. ఇటు తిప్పి మళ్లీ నొక్కింది.

"చెయ్యి మస్తు సన్నగున్నది సార్. గట్టిది పెడితే ఇరుగుతది," అంది.

"గట్టి బల్లెం ఎట్ల ఇరుగుతది?" అన్నాను నేను నవ్వుతూ.

"బల్లెం కాదు సారు. చెయ్యి."

నవ్వు ఆగిపోయింది. అంతకుముందు ఎన్నో బొమ్మలు మణికట్టు తెగి మా దగ్గరికి తిరిగొచ్చాయి. కస్టమర్లు సరిగా వాడుకోవడం లేదని నేను వాళ్లనే తిట్టుకున్నాను. ఆయుధం చేతికంటే బలంగా ఉంటే దెబ్బంతా చేతిమీద పడుతుందని, బల్లెం వంగితేనే సైనికుడు మిగులుతాడని నాకు ఎన్నడూ తోచలేదు. నేను తీగతో మొదలుపెట్టేవాణ్ని. ఆమె చేతితో మొదలుపెట్టింది. ఈ పని గురించి నాకు తెలిసిన అన్ని మాటల్లో అది పెద్దది, అది నాది కాదు.

రవిశంకర్ గారు నా వైపు చూశారు. ఆ చూపులో ఏమీ లేదు. అయినా నాకు కడుపు మండింది.

ఆమె ట్రే

సుగుణ చేరింది. పని నేర్పించే బాధ్యత నా మీద పడింది. చదును చేయడం, దిద్దడం, సన్నని డ్రిల్లుతో పిడికిలికి రంధ్రం వేయడం నేర్పాను. వారంలో పట్టేసింది. కొన్ని నేర్పలేదు. తీగను కాల్చి మెత్తబరచడం నేర్పలేదు. కత్తిరించిన తీగ కొసను భూతద్దంలో చూసి, లోపల ఏ లోహం ఉందో తెలుసుకోవడం నేర్పలేదు. అడగలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. తెలియని సంగతిని ఆమె ఎలా అడుగుతుంది?

ఆమె ఐదింటికి ఇంటికి బయల్దేరేది. మెట్లు దిగిన చప్పుడు ఆగగానే నేను ఆమె ట్రే ముందుకు తెచ్చుకునేవాణ్ని. భూతద్దం పెట్టుకుని ఒక్కో బొమ్మను తిప్పి తిప్పి చూసేవాణ్ని. ఒక తప్పు దొరికితే ఆ సాయంత్రం హాయిగా గడిచిపోయేది. దొరికేది కాదు. ఒకసారి జిగురు కొంచెం బయటికి కనిపించింది. దాన్ని మర్నాడు అందరి ముందూ ఎత్తి చూపాను. ఆమె "అవును సారు" అని తుడిచేసింది. ఆ చిన్న తప్పుతో నేను రెండు రోజులు బతికాను.

కస్టమర్లు మెట్ల మీద నుంచే "సుగుణ గారు ఉన్నారా?" అని కేకేయడం మొదలుపెట్టారు. ఆమె లేని రోజు ఒకాయన వచ్చాడు. నేను చేయి చాపి బొమ్మ ఇమ్మన్నాను. "పర్లేదండీ, ఆవిడ ఉన్నప్పుడు వస్తా," అని సంచి మూసుకుని వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఇంటికి వెళ్లి కడుపులో బాగాలేదన్నాను.

మా ఆవిడ కంచం తీస్తూ అడిగింది. "ఆ పిల్ల మీద ఏడుస్తున్నవా?"

"నేనెందుకు ఏడుస్త?"

"నీకేమన్న తక్కువ చేసిందా ఆమె?"

"లేదు."

"మరేంది?"

 సుగుణ నాకు ఏ లోటూ చేయలేదు. పైగా ఏ కొత్త సరుకు వచ్చినా ముందు నా బల్ల దగ్గరికే తెచ్చేది. "చారి సారు, జర గిది చూడుర్రి," అనేది. నేను పెద్ద పనిమంతుణ్ని అని మనస్ఫూర్తిగా నమ్మేది. ఆ నమ్మకం కూడా నాకు ఎగతాళిలాగే వినిపించేది. అసూయ పట్టినవాడికి చెవులు అలాగే పనిచేస్తాయి.

ఆ తీగ చుట్ట

సుగుణ చేరిన మూడేళ్లకు ఇది జరిగింది. మాధవి గారికి పాతకాలపు లోహపు బొమ్మల సైన్యం ఒకటి ఉంది. నలభై మంది బల్లెం వీరులు. ఒక్కొక్కటిగా ఎక్కడెక్కడి నుంచో సేకరించుకుంది. ఆ అచ్చుల్లో ఇప్పుడు ఎవరూ బొమ్మలు పోయడం లేదు. వాటన్నిటికీ బొమ్మకు రెండింతల పొడవుండే కొత్త బల్లేలు కావాలి. కోకాపేటలో వాళ్ల టవర్ క్లబ్‌హౌస్‌లో పెద్ద ఆట పెట్టుకున్నారు.

"సుగుణమ్మ గారు చేస్తారండీ," అన్నారు రవిశంకర్ గారు.

"నలభై గూడ ఆమేనా?"

"సన్నపని కదండీ చారి గారూ. మీ కళ్లకు శ్రమ."

 "సగం నాకియ్యుర్రి," అన్నాను.

ఆయన ఒప్పుకున్నారు. "సరే, చెరి ఇరవై చేయండి. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను. సరుకు గురించి మీరొకటి చెబుతారు, ఆవిడొకటి చెబుతారు. వచ్చినవాళ్లు తికమకపడుతున్నారు. ఈ పని అయ్యాక ఆ నిర్ణయం ఒక్కరి చేతిలో పెడతాను."

ఆ ఒక్కరు నేను కాకపోతే ఆ వర్క్‌షాపులో నేను ఎవరిని? ఆ ప్రశ్నే వారమంతా నన్ను తినేసింది.

నా ఇరవైకి నా సొరుగులోని తీగ ఉంది. వర్క్‌షాపు ఇత్తడి అయిపోయింది. రవిశంకర్ గారు కొత్త చోట తెప్పించారు. పచ్చగా మెరిసే చుట్ట వచ్చింది. సుగుణ దాన్ని విప్పి మొదటి ముక్క కత్తిరించింది.

ఆ చప్పుడుకే నేను తలెత్తాను. ఇత్తడి తెగితే మెత్తగా తెగుతుంది. ఇది టిక్కుమంది.

ఆమె ముక్కను వేళ్ల మధ్య వంచి చూసింది. మళ్లీ వంచింది. లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"చారి సారు, గీ తీగ జర గట్టిగున్నట్టు లేదా? వంచితే మళ్ల లేస్తున్నది."

ముక్క తీసుకున్నాను. భూతద్దంలో కొస చూశాను. చుట్టూ వెంట్రుకవాసి పసుపు. లోపలంతా తెలుపు. ఉక్కు తీగకు ఇత్తడి పూత. చేయి చాపితే అందేంత దూరంలో నా అయస్కాంతం ఉంది, ఆనిస్తే ఉక్కని ఆమెకూ తెలిసిపోయేది.

"కొత్త చుట్ట గదా, గట్లనే ఉంటది," అన్నాను. "రెండు రోజులు పోతే మెత్తబడ్తది."

తీగ పడి ఉన్నంత మాత్రాన మెత్తబడదు. కంసాలి ఇంట్లో పలక పట్టే వయసు పిల్లవాడికి కూడా తెలుసు.

"మీరంటే సరే సారు," అని ఆమె వెళ్లి పని మొదలుపెట్టింది.

రేపు చెబుదాంలే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. మర్నాడు ఆమె ట్రే చూశాను. ఐదు బల్లేలు నిలబడి ఉన్నాయి, గీత గీసినట్టు తిన్నగా. ఉక్కు కాబట్టి తిన్నగా ఉన్నాయని నాకు తెలుసు. అయినా నా వాటికంటే బాగున్నాయని కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. చెప్పలేదు. ఆరు రోజులు ఆమె పక్క బల్లమీద కూర్చుని పని చేస్తుంటే ఆరు రోజులూ నోరు మెదపలేదు.

పదకొండు చేతులు

మా దగ్గర ఒక అలవాటు ఉంది. ఎవరు చేసిన బొమ్మకు వాళ్లు అడుగున రంగు చుక్క పెడతారు. నాది ఎరుపు, ఆమెది ఆకుపచ్చ. తిరిగొస్తే ఎవరి పనో తెలియాలని నేనే పెట్టించాను.

ఆట జరిగిన మర్నాడు పొద్దున్నే మాధవి గారు స్పాంజి డబ్బా తెచ్చి బల్ల మీద తెరిచింది. వరసలు ముందుకు తోసినప్పుడు బల్లేలు ఎదుటి వరస బల్లేలకు తగులుకున్నాయట. నావి వంగాయి. వేలితో నొక్కితే సర్దుకున్నాయి. పదకొండు బొమ్మలకు మణికట్టు తెగిపోయింది. పదకొండిటి అడుగునా ఆకుపచ్చ చుక్కే. బల్లేలు మాత్రం ఒక్కటీ వంగలేదు. ఒక్కో బల్లేన్ని పట్టుకుని ఒక్కో చిన్న పిడికిలి అలాగే ఉంది.

మాధవి గారు కోప్పడితే బాగుండేది. "ఇవి మళ్లీ దొరకవు సుగుణా," అని మాత్రం అంది. 

రవిశంకర్ గారు ఒక బల్లేన్ని వంచబోయారు. అది వంగలేదు. "ఇది ఇత్తడి కాదు కదండీ. సుగుణమ్మ గారూ, మీకు తెలియలేదా?"

 ఇప్పుడు నా పేరు చెబుతుంది అనుకున్నాను.

"గట్టిగున్నదని తెల్సింది సార్," అంది సుగుణ. "తెల్సి గూడ పెట్టిన. తప్పు నాదే."

నా వైపు చూడలేదు. రవిశంకర్ గారు నన్నడిగారు. "మీరేమంటారు చారి గారూ?"

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఒక్క వాక్యం చాలు. నేను చెప్పిన వాక్యం ఇది: "తీగ చూస్కోవాల్సింది."

సుగుణను లోహపు బొమ్మల నుంచి తీసేసి, ప్లాస్టిక్ బొమ్మలకు పొడుచుకొచ్చిన అచ్చు అంచులు గీకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. సరుకు నిర్ణయం నా చేతికి వచ్చింది. తెగిన చేతులు అతికే పనీ నాకే వచ్చింది. వెంట్రుకంత ఇత్తడి ముక్కను మణికట్టుకు అటూ ఇటూ గుచ్చి, పదకొండు చేతులూ నిలబెట్టాను. మూడు వారాలు పట్టింది. నా జీవితంలో అంత మంచి పని చేయలేదు. మాధవి గారు నా చేతులు పట్టుకుని దండం పెట్టింది.

ఆ సంతోషం రెండు రోజులు నిలిచింది. మూడో రోజు మెట్ల మీద నుంచి ఎవరో "సుగుణ గారు ఉన్నారా?" అని కేక వేశారు. ప్లాస్టిక్ బల్ల దగ్గర కూడా జనం చేరారు. నేను గెలుచుకున్నదంతా చేతిలో పట్టుకుని, కిటికీ పక్కన కూర్చుని ఆమెనే చూస్తూ ఉండిపోయాను. ఆమె ఆ రోజు నుంచి నన్ను ఏదీ అడగలేదు. పొద్దున "నమస్తే సారు," సాయంత్రం "పోయొస్త సారు." అంతే.

నాలుగు నెలలు అలా గడిచాయి. ఒకరోజు టీ తాగుతూ రవిశంకర్ గారికి అంతా చెప్పేశాను. తీగ కొస, భూతద్దం, అయస్కాంతం, నేను చెప్పిన అబద్ధం.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "ఆవిడకి చెప్పారా?"

"లేదు సార్."

"మరి ముందు నాకెందుకు చెబుతున్నారండీ? నేను నాలుగు తిడితే మీకు తేలికైపోతుంది, అందుకేనా? వెళ్లి ఆవిడకి చెప్పండి."

నా మాట

సుగుణ ఒక ప్లాస్టిక్ గుర్రం అంచు గీకుతోంది. పక్కన స్టూలు మీద కూర్చున్నాను. "సుగుణా, ఆ తీగ ఉక్కని నాకు ఆ రోజే తెల్సు," అన్నాను.

"నాకు ఎరుకే సారు."

"ఎట్ల?"

"మేడం డబ్బా తెచ్చిన రోజు మీ ఇరవై బొమ్మలు గూడ చూసిన. గా తీగ ఒక్క ముక్క లేదు. మంచిదైతే మీరు గూడ వాడుతుంటిరి గదా."

ఆమె చాకు ఆపలేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "మరి సారు అడిగినప్పుడు నా పేరు ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఏమైతుండె? మిమ్మల్ని రెండు మాటలంటుండిరి. ఇరిగిన చేతులు నేను పెట్టిన బల్లేలకే ఇరిగినయ్ గదా సారు." గుర్రాన్ని వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ గీకింది. "గట్టిగున్నదని నా వేలు చెప్పింది. దాని మాట ఇనకుండ మీ మాట ఇన్న. ఇగ ఇనను."

కోపంగా అనలేదు. రేపు ఆలస్యంగా వస్తానని చెప్పినంత మామూలుగా అంది.

సరుకు నిర్ణయం ఆమెకే ఇవ్వమని ఆ సాయంత్రమే రవిశంకర్ గారిని అడిగాను. ఇచ్చారు. ఇంకో ఏడాది పనిచేసి నేను మానేశాను. మీరు ఏ తీగ వాడాలో తెలియకపోతే కొండాపూర్ వెళ్లి ఆమెను అడగండి. బొమ్మ చేయి నొక్కి చూసి చెబుతుంది, చెప్పింది నిజమే అయి ఉంటుంది.

ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడు నేను సిగ్గుపడాలి. పడ్డాను కూడా. కానీ దాచడమెందుకు, సిగ్గు కంటే ముందు వచ్చింది అసూయే. నాలుగేళ్లు కూడా నిండని పనిలో ఆమె "ఇగ ఇనను" అనగలిగింది. చిన్నప్పటి నుంచి తీగ పట్టినవాణ్ని, నా వేలి మీద నాకు అంత నమ్మకం ఒక్కరోజూ లేదు. ఉండి ఉంటే ఆమె వేలికి అంత భయపడేవాణ్ని కాదు.